కట్టెల కుప్పలోంచి తెచ్చిన మొద్దు

కరోనా సద్దుమణిగి శిక్షణ తరగతులు మళ్లీ మొదలైన ఏడాది, జూలై చివర్లో, నన్ను ఒక విచారణకు సాంకేతిక సభ్యుడిగా వేశారు. అప్పుడు నేను పాల్వంచ ప్రభుత్వ శిక్షణ కేంద్రంలో సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌ని, నా విభాగం చెక్క లేతు పని. మా శాఖలో ఇన్‌స్ట్రక్టర్ పైన సూపరింటెండెంటు, ఆయన పైన జిల్లా అధికారి. ప్రమాదం జరిగితే సంతకాలు పెట్టేది పైవాళ్లే అయినా, చెక్క ఎందుకు పగిలిందో చూసి రావలసింది మాత్రం మాలాంటివాళ్లే. ములకలపల్లి దాటాక అడవి అంచున ఒక గూడెం ఉంది. అక్కడ ముత్తయ్య అనే లేతు పనివాడు గిన్నె చెక్కుతుండగా అది పగిలి, ఒక ముక్క ఎగిరి గొంతుకు తగిలింది. దవాఖానాకు చేర్చేలోపే ప్రాణం పోయింది.

ముత్తయ్య నా దగ్గర పని నేర్చుకున్నవాడు. అతని షెడ్డులోని లేతు కూడా మా కేంద్రం వాడుకోవడానికి ఇచ్చిందే, అందుకే విచారణ మా శాఖకు వచ్చింది.

ఈ పని తెలియనివాళ్ల కోసం కొంత చెప్పాలి. లేతు మీద చెక్క తిరుగుతుంది, ఉలి నిలకడగా ఉంటుంది. గుండ్రంగా కోసిన మొద్దును ఇనప పళ్లేనికి బిగించి, ముందు బయటివైపు, తర్వాత లోపలివైపు చెక్కుకుంటూ పోతే గిన్నె తయారవుతుంది. సత్తుపల్లి, దమ్మపేట వైపు మామిడి తోటలు కొట్టేసి ఆయిల్ పామ్ వేస్తున్నారు కాబట్టి మాకు మామిడి మొద్దులకు కొదవ ఉండేది కాదు. పచ్చి మొద్దు ఆరేటప్పుడు పగలడం దాని స్వభావం. చివరల నుంచి తేమ తొందరగా పోకుండా అక్కడ పేడ పూసి నీడలో పెట్టించేవాణ్ణి. పగుళ్లన్నీ బయలుదేరేది మొద్దు నడిబొడ్డు నుంచి, అంటే వలయాలు మొదలయ్యే చోటు నుంచి. ఆ భాగాన్ని గిన్నెకు వాడకూడదు. దాన్ని విడిగా కోసి పొయ్యి కట్టెల కుప్పలో పడేయాలి. ముత్తయ్య ఈ నియమాన్ని ఎంత గట్టిగా పాటించేవాడంటే, వాళ్లింట్లో వంటచెరకుకు లోటుండదని తోటివాళ్లు ఆటపట్టించేవారు.

ఒకప్పుడు పగిలిన గిన్నె అంటే పారేసిన గిన్నే. తర్వాత నగరాల్లో పగులుకే గిరాకీ పుట్టింది. అలాంటి గిన్నెలో ఎవరూ పప్పు పోసుకోరు, దీపం పక్కన పెట్టి చూసుకుంటారు. నాకు ఆ మోజు మొదట్లో చిరాకు తెప్పించిందిగానీ, పని చేతికొచ్చాక అందులోని అందం కాదనలేకపోయాను. పగుళ్లను అలంకరించే పద్ధతులు చాలానే ఉన్నాయి. కరిగించిన రంగు లక్క నింపవచ్చు. నల్లతుమ్మ ముక్కను డమరుకం ఆకారంలో కోసి, పగులుకు అడ్డంగా పొదగవచ్చు. పగులు అంచులు కాల్చి నల్లగా వదిలేయవచ్చు. కొనేవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఇత్తడి పొడి నింపినది. ఆ పొడిని జిగురులో కలిపి పగులులో పోసి, గట్టిపడ్డాక గిన్నెను మళ్లీ లేతుకు బిగించి, పైకి పొంగిన జిగురును ఉలితో చదును చేస్తారు. అప్పుడు చెక్క మీద బంగారు గీత గీసినట్టు కనిపిస్తుంది.

ముత్తయ్య చెక్కిన గిన్నెలకు పగుళ్లు నింపేది అతని భార్య సమ్మక్క. ఆమె తల్లి బతికున్న రోజుల్లో, ఎండబెట్టిన సొరకాయ బుర్రలు పగిలితే నారతో కుట్టి, మైనం రాసి మళ్లీ నీళ్లకు వాడేదట. ఆ కుట్టునే సమ్మక్క రాగి తీగతో చెక్క మీదికి తెచ్చింది. పగులుకు రెండు వైపులా సన్నని రంధ్రాలు వేసి, తీగ లాగి, ఆపైన ఇత్తడి నింపేది. అంత శుభ్రమైన చేతిపని మా కేంద్రంలో కూడా ఎవరికీ లేదు.

నేను వెళ్లేసరికి గూడెంలో ముసురు పట్టి ఉంది. ముత్తయ్య అన్న పాపయ్య నన్ను షెడ్డుకు తీసుకెళ్లాడు. అతను మణుగూరులో కాంట్రాక్టు పని చేస్తాడు, తమ్ముడి దినాల కోసం వచ్చాడు. దారిలో తనే మాట ఎత్తాడు. సమ్మక్క పెట్టిన అతుకు ఊడటం వల్లే గిన్నె పగిలిందని ఇంట్లో అందరి నమ్మకం. షెడ్డు ఉన్న స్థలం తమ తల్లి పేరున ఉంది. ముత్తయ్య దంపతులకు పిల్లలు లేరు. దినాలయ్యాక సమ్మక్కను ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దగ్గర ఉన్న ఆమె అన్న ఇంటికి పంపేద్దామని తల్లి నిర్ణయించింది. అప్పటికే ఆమెను షెడ్డులోకి రానివ్వడం లేదు, వంట ముట్టుకోనివ్వడం లేదు. ఇదంతా అతను గొంతు పెంచకుండా, వానల సంగతి చెబుతున్నట్టుగా చెప్పాడు.

ముందు యంత్రం చూశాను. బిగింపులో లోపం లేదు. ముఖానికి అడ్డం పెట్టుకునే ప్లాస్టిక్ డాలు గడ్డం దగ్గర చిట్లి ఉంది. అంటే ముత్తయ్య దాన్ని పెట్టుకునే పనిచేశాడు, ముక్క దాని కింద నుంచి దూరింది. గిన్నె ముక్కలను ఎవరో గోనెసంచిలో వేసి మూలన పెట్టారు. వాటిని బల్ల మీద పరిచి ఒకదానికొకటి చేరుస్తుండగా సమ్మక్క వచ్చి వాకిలి బయటే నిలబడింది. లోపలికి రమ్మన్నాను. పాపయ్య అడ్డు చెప్పలేదుగానీ, తను బయటికి వెళ్లిపోయాడు.

"నా అతుకే ఊడిందా, సారు?" అని అడిగింది. ఆ ఒక్క మాట కోసమే ఆమె అన్ని రోజులూ కాచుకుని ఉందని నాకు అర్థమైంది.

ముక్కలు మూడు. పెద్ద ముక్కలో ఆమె నింపిన పగులు అంచు నుంచి కింది వరకూ చెక్కుచెదరకుండా ఉంది. రాగి కుట్లలో ఒక్కటి కూడా సాగలేదు. చెక్క విడిపోయింది దానికి సరిగ్గా ఎదుటి వైపు. పెద్ద ముక్క అడుగున, చిటికెన వేలి గోరంత నల్లటి మచ్చ ఉంది. అది మొద్దు నడిబొడ్డు. దాని నుంచి పగులు రెండు వైపులకూ పాకింది. ఒకటి కంటికి కనబడింది, దాన్ని సమ్మక్క నింపింది. రెండోది వెంట్రుకంత సన్నంగా చెక్కపొడి కింద ఉండిపోయి, చదును చేయడానికి మళ్లీ బిగించిన గిన్నె వేగం అందుకోగానే విచ్చుకుంది.

ఊడలేదని చెప్పి, ఆ ముక్కను ఆమె చేతికిచ్చాను. ఆమె అతుకు మీద వేలితో రెండుసార్లు రాసి చూసింది. తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. కానీ ఆమె చూపు అడుగున ఉన్న నల్లమచ్చ దగ్గర ఆగిపోయింది. అదేమిటో ఆమెకు నేను చెప్పనక్కర్లేదు.

"అయితే ఆయనదేనా తప్పు?" అంది.

తర్వాత జరిగింది చెప్పుకొచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఆర్డరులో పగుళ్లు పెద్దవిగా కావాలని అడిగారు. అందుకోసం మొద్దులకు పేడ పూయడం మానేసి, ఎండలో పడేశారు. అయినా అనుకున్నంత పగుళ్లు రాలేదు. చివరికి ముత్తయ్య కట్టెల కుప్పలో తానే విసిరేసిన మొద్దుల్లోంచి ఒకటి ఏరి తెచ్చాడు. దాని పగులు మెరుపులా వంకర తిరిగి ఉంది. బాగుందని సమ్మక్క కూడా అన్నది. పొయ్యిలోకి పోవలసినది అలా లేతెక్కింది.

"నాదే అని రాయుండ్రి సారు," అంది, ముక్కను బల్ల మీద పెడుతూ. "నన్నెవలన్న ఏమన్న అంటే నేను జవాబు చెప్పుకుంట. ఆయనేం చెప్పుకుంటడు? పనిల తప్పు చెయ్యనోడని గూడెమంత అంటది. ఆయనకు మిగిలింది గదొక్కటే."

అబద్ధం రాయలేనని చెప్పాను. రాస్తే రేపు ఇంకో షెడ్డులో ఇంకొకరు ఇదే పని చేస్తారని నచ్చజెప్పబోయాను.

"గాళ్లకు మీరు చెప్పుకోండ్రి. మా ఇంట్ల ఎందుకు చెప్పుడు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర ఉన్నది నియమం ఒక్కటే. విచారణలో తేలినదాన్ని కుటుంబ పెద్దకు చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. అది ఐచ్ఛికం కాదు. పైగా నిజం తెలిస్తే ఆమెను ఇంట్లో ఉండనిస్తారన్నది నా లెక్క. పాపయ్యను పిలిచి, ముక్కలు చూపించి, పగులు ఎక్కడ మొదలైందో, అతుకు ఎలా నిలిచిందో విడమరిచి చెప్పాను.

"అంటే మా తమ్ముడే చేసుకున్నడంటరు," అన్నాడు.

అలా అనలేదని ఎన్ని విధాలుగా చెప్పినా ఆ వాక్యం ఇంట్లోకి అలాగే వెళ్లింది. నేను షెడ్డు దాటకముందే లోపల ముత్తయ్య తల్లి శోకం వినబడింది. కొడుకును పొట్టన పెట్టుకున్నది చాలక, కోడలు ఇప్పుడు సారును పట్టుకొచ్చి నెపం వాడి మీదే వేయించిందని ఆమె ఏడుపు. సమ్మక్క మళ్లీ వాకిలి బయటికి వెళ్లి నిలబడింది. నా వైపు చూడలేదు.

పాల్వంచ తిరిగి వచ్చాక జిల్లా అధికారి నా నివేదికను కుదించమన్నాడు. "కార్మికుని నిర్లక్ష్యం" అన్న రెండు మాటలతో ఏ ఫైలైనా మూతపడుతుందని ఆయనకు అనుభవం. నాకు కోపం వచ్చింది, దాచుకోలేదు. మూడు కారణాలు రాశాను: నడిబొడ్డు ఉన్న మొద్దును వాడటం, పగుళ్ల కోసం కావాలని ఎండబెట్టడం, నింపిన గిన్నెను మళ్లీ యంత్రానికి ఎక్కించడం. కారణాల కింద ఎవరి పేరూ రాయలేదు. అతుకు నిలిచి ఉన్నదని విడిగా ఒక వాక్యం చేర్చాను. ఆయన విసుక్కుంటూనే సంతకం పెట్టాడు.

చలికాలంలో యంత్రం వెనక్కి తెచ్చుకోవడానికి మళ్లీ ఆ గూడెం వెళ్లాను. సమ్మక్క లేదు. "దినాలైన తెల్లారే పోయింది సారు. మేం పొమ్మనలే, ఉండమనలే," అన్నాడు పాపయ్య. ముక్కలేమయ్యాయని అడిగితే, వాళ్లమ్మ వాటిని పొయ్యిలో పెట్టిందన్నాడు. సమ్మక్క అన్నకు కబురు పంపి, మా కేంద్రంలో ఆమెకు పని ఇప్పించాలని చూశాను. రానన్నదని మాత్రం తెలిసింది.

ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రతి బ్యాచికీ మొదటిరోజే ఒక నియమం చెప్పాను. పగులును అలంకరించాలంటే గిన్నె పని పూర్తిగా ముగిశాకే. నింపిన గిన్నె మళ్లీ లేతెక్కకూడదు, చేత్తో గరుకు కాగితం పట్టి చదును చేసుకోవాలి. నడిబొడ్డు ఎంత అందంగా పగిలినా దాని చోటు కట్టెల కుప్పే. చేత్తో అయితే ఆలస్యమవుతుందని కుర్రాళ్లు సణిగేవారు. సణగనిచ్చాను.

ఇక విచారణల గురించి నేను తెలుసుకున్నది ఇంతే. వస్తువు ఎలా పగిలిందో నివేదిక చెప్పగలదు. ఆ నిజాన్ని ఇంట్లోవాళ్లు ఏం చేసుకుంటారన్నది దాని చేతిలో లేదు. సమ్మక్క అతుకు ఊడలేదన్న వాక్యం ఆ ఫైలులో ఇప్పటికీ ఉంది. అది ఆమెకు ఏ పనికీ రాలేదు.