దిగడానికి దాచుకున్న ఊపిరి

మా ఆయన పోయాకే నేను అక్షరాలు నేర్చుకున్నాను. అంతవరకు అవసరం పడలేదు. సాయంత్రాలు నేను మిషన్ మీద జాకెట్లు కుడుతుంటే, ఆయన పక్కన కూర్చుని బైబిలు వాక్యం చదివేవారు. ఆ గొంతూ మిషన్ చప్పుడూ కలిసిపోయి ఒకటే పాటలా ఉండేవి.

ఏటా ఆయన పోయిన రోజున ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెడతాం. చర్చి అయ్యగారు వచ్చి వాక్యం చదువుతారు. ఈసారి మా ఆయనకిష్టమైన భాగం నేనే చదువుతానన్నాను. అయ్యగారు సంతోషించారు. మా ఆడబిడ్డ మాత్రం నవ్వింది.

"నువ్వు చదివేసరికి బిర్యానీ చల్లగైతది వదినా."

అందులో అబద్ధం లేదు. మొదటి మాటలు బలమంతా పెట్టి చదివేస్తాను. సగానికొచ్చేసరికి ఊపిరి అందదు, అక్షరాలు అలుక్కుపోతాయి. చివరిదాకా ఒక్కసారీ పోలేదు.

మా పైగదిలో ఒక అమ్మాయి అద్దెకుంటుంది. నేతపనివాళ్ళ పిల్ల, మైత్రీవనంలో కోచింగు. ఒకరోజు పొద్దుగూకే వేళ నేను డాబా మీద బట్టలు తీస్తుంటే ఫోను పట్టుకుని వచ్చింది.

"ఆంటీ, జర గిది చూడుండ్రి. రాకెట్ ఎట్ల దిగుతుందో!"

పొడుగాటి తెల్లటి గొట్టం ఆకాశంలోంచి జారుతోంది. పడి తునకలవుతుందనుకున్నాను. నేల దగ్గరకొచ్చేసరికి దాని అడుగున మంట వెలిగింది. వేగం తగ్గింది. కాళ్ళు చాపింది. నిద్రపోయే పిల్ల పక్కన అడుగు వేసినట్టు, మెల్లగా నిలబడింది.

"వీడియో ఉల్టా తిప్పి చూపిస్తున్నవా ఏందే?"

"అయ్యో, కాదాంటీ! నిజంగనే దిగింది. పైభాగాన్ని ఆడ వదిలేసి కిందిది తిరిగొస్తది. మళ్ల గదే పంపుతరు. ముందుగాల అయితే సముద్రంల పడిపోయేది."

"మరి దిగేటప్పుడు మంట యాడికెల్లి వచ్చె? ఎక్కేటప్పుడే అంత కాలిపోదా?"

"అంత కాల్చదు. దిగేతందుకు జర దాచుకుంటది."

"జాకెట్ల గుడ్డ మిగిల్చినట్టా?"

"గంతే ఆంటీ!"

జాకెట్టు కుట్టు లోపల కాస్త గుడ్డ మడిచి వదులుతాం, రేపు మనిషి ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి.

అమ్మాయి వెళ్ళాక కూడా అక్కడే కూర్చున్నాను. అమీర్‌పేట బోర్డులకు లైట్లు వెలిగాయి. పంజాగుట్ట వైపు మెట్రో రైలు వెలుతురు నింపిన పెట్టెలా జారిపోయింది. ఆ బోర్డుల మధ్య, తీగ మీది తెల్లచీర పక్కన, ఆ పొడుగాటిది దిగుతున్నట్టే ఉంది. ఎవరినీ లేపకుండా. డ్యూటీ నుంచి రావడం ఆలస్యమైనప్పుడు ఆయన మెట్లెక్కడం అలాగే ఉండేది.

కూడిక ముందురోజు ఆయన పుస్తకం తెరిచి, ఎక్కడెక్కడ ఆగాలో నీలం సుద్దతో గీతలు పెట్టాను. కత్తెర పెట్టేముందు బట్ట మీద గీసే సుద్ద. నా చేతికి అలవాటైంది అదే. గీత దగ్గరల్లా ఆగుతూ చదివితే, మొదటిసారి చివరిదాకా వెళ్ళాను.

కూడిక రోజున గది నిండింది. పైగది అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడింది. పుస్తకం తెరిచాను. గీతలు లేవు. పేజీలు ఒకదానికొకటి రాసుకుని సుద్దంతా రాలిపోయింది. నా తెల్లచీర మీద నీలపు పొడి. బట్ట మీద నిలిచేది కాగితం మీద నిలవదని నాకు తోచనేలేదు.

"అయ్యగారికి ఇయ్యి వదినా," అంది ఆడబిడ్డ, నాకే వినబడేలా.

ఇవ్వలేదు. చిన్న గొంతుతో మొదలుపెట్టాను. వెనకనుంచి ఎవరో "జర గట్టిగ" అన్నారు. నేను గొంతు పెంచలేదు. ఊపిరి తరిగేలోపే ఆగాను. నేను ఆగినచోట గది కూడా ఆగింది. ఆయన ఎన్నోసార్లు పలికిన మాటలే ఒక్కొక్కటిగా మళ్ళీ పైకి లేచాయి. చివరి వాక్యానికి వచ్చేసరికి లోపల ఇంకా కొంత మిగిలే ఉంది. దాన్నంతా ఆ చివరి మాటలకు ఇచ్చాను.

అందరూ ఆమెన్ అన్నారు.

"బిర్యానీ చల్లగైందా?" అని అడిగాను.

"అయితే అయింది తియ్," అంటూ ఆడబిడ్డ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.