అయ్యగారి మాట దాటని తల్లి

ఆసుపత్రి నేలమాళిగలో దుప్పట్లు ఉతికే గది ఉంది. ఇరవై ఆరేళ్లుగా ఆమె ఉద్యోగం అక్కడే. ముద్ర చూడకుండానే, మరకను బట్టి ఏ దుప్పటి ఏ వార్డుదో చెప్పేసేది. అందరూ దుప్పట్లక్క అనేవారు.

కూతురికి నాలుగేళ్లప్పుడు ఆమె భర్త పోయాడు. అయినవాళ్లంతా మొహం చాటేసినా చర్చి అయ్యగారు విడిచిపెట్టలేదు. ఈ ఉద్యోగం ఆయన ఇప్పించిందే. తల్లి పనిలో ఉన్నంతసేపూ పిల్లను తన వరండాలో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించారు. జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగారు. తనను కాయడానికి దేవుడే ఆయన్ని పంపాడని ఆమె నమ్మింది. ఇక ఆయన మాట జవదాటకూడదని తీర్మానించుకుంది. ఇల్లు మారాలన్నా, పన్ను పీకించుకోవాలన్నా ఆయన్ని అడగాల్సిందే. దుప్పటి రెండో కొస పట్టుకుని మడతపెట్టే జతగత్తె వేళాకోళం చేసేది, అయ్యగారు తుమ్మినా నువ్వు ఆమెన్ అంటావని. ఆమె కూడా నవ్వేసేది. లోబడటం చేతకానప్పుడు ఇక విశ్వాసం ఏముందనేది.

కూతురు ఇరవై మూడో ఏట ఒక బస్సు డ్రైవరును ఇష్టపడింది. నెమ్మదస్తుడే కానీ విశ్వాసి కాడు. తల్లి పరుగున అయ్యగారి దగ్గరికి వెళ్లింది. ఆయన చాలాసేపు తల పట్టుకుని కూర్చున్నారు. తన చేతుల్లో పెరిగిన పిల్ల మరి.

"పెళ్లికి వెళ్లకమ్మా" అన్నారు చివరికి. "అది తిరిగొచ్చేదాకా దాని గడప తొక్కకు. నువ్వు మెత్తబడ్డావా, అది ఎప్పటికీ రాదు."

పెళ్లి రోజున ఆమె అడిగి మరీ రెండు షిఫ్టులు వేయించుకుంది. రిజిస్ట్రారు ఆఫీసు నుంచి కూతురు ఫోను చేసింది.

"అమ్మా, ఇంకా అరగంట ఉంది. ఇప్పుడు బయల్దేరినా అందుకుంటావు."

"అయ్యగారు వద్దన్నారు తల్లీ."

అవతల కాసేపు వీధి చప్పుడు వినిపించింది. తర్వాత అదీ లేదు.

రెండేళ్లకు కూతురు పురిటికి ఆ ఆసుపత్రిలోనే చేరింది. జతగత్తె పరుగెత్తుకొచ్చి చెప్పింది, మూడో అంతస్తులో కిటికీ పక్క మంచమని, ఆడపిల్లని, ఇద్దరూ క్షేమమని. ఆమె మెట్ల దాకా వెళ్లింది. కమ్మీ పట్టుకుని ఒక మెట్టు ఎక్కింది, దిగింది. అక్కడే మోకాళ్లూని ప్రార్థించుకుని వెనక్కి వచ్చేసింది. సాయంత్రం పురిటి వార్డు దుప్పట్లు కిందికి దిగాయి. వాటిలో కూతురిది ఏదో తెలియలేదు. అందుకని ఆ మూటలో ఒక్కటి కూడా మిషన్లో వేయకుండా అన్నీ చేత్తోనే ఉతికింది. వేళ్లు ఒరుసుకుపోతున్నాయని జతగత్తె మొత్తుకున్నా వినలేదు.

ఇంకో ఐదేళ్లు గడిచాయి. ఊపిరితిత్తులు చెడి అయ్యగారూ ఆసుపత్రిలో పడ్డారు. రోజూ ఆమే వెళ్లి పక్క మార్చేది. ఒక మధ్యాహ్నం ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"రెండు నెలల్లో వచ్చేస్తుందనుకున్నానమ్మా. పొరబడ్డాను. నువ్వు వెళ్లు."

ఆమె చేతిలో దిండు గలీబు అలాగే ఉండిపోయింది.

"వద్దన్నది దేవుడి మాటా అయ్యగారూ, మీ మాటా?"

"దేవుడి మాటే అనుకుని చెప్పాను. ఇప్పుడు తెలియడం లేదు."

ఆయన ఏడ్చారు. ఆమె ఆయన మొహం తుడిచింది.

మర్నాడే వెళ్లింది. కూతురు తలుపు తీసి లోపలికి రమ్మంది, కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. గుమ్మం చాటు నుంచి మనవరాలు ఎవరని అడిగితే తెలిసినావిడని చెప్పింది. పిల్లను ఆడుకోమని పంపి అప్పుడు అడిగింది.

"నీ అంతట నువ్వొచ్చావా? అయ్యగారు చెప్పారా?"

ఒక్క అబద్ధమాడితే సరిపోయేది. ఆమెకు నోరు రాలేదు.

"ఆయనే వెళ్లమన్నారు."

"వద్దన్నారని రాలేదు. వెళ్లమన్నారని వచ్చావు." కూతురి గొంతులో కోపం కూడా లేదు. "మరి నువ్వెప్పుడొస్తావమ్మా?"

ఆమె నీళ్లు సగమే తాగి లేచి వచ్చేసింది.

ఆ వారమే అయ్యగారు కన్నుమూశారు. సమాధి దాకా ఆయన శవపెట్టె పక్కనే నడిచింది. తర్వాత వచ్చిన కొత్త అయ్యగారు వయసులో చిన్నవారు, మంచివారు. మనసులో ఏమైనా ఉంటే చెప్పుకోమన్నారు. ఏమీ లేదండీ అంది. ఒక ఆదివారం ఆరాధన కాగానే ఎవరితోనూ చెప్పకుండా బస్సెక్కి కూతురింటికి వెళ్లింది. ఈసారి తానే ముందు నోరు విప్పింది, తననెవరూ పంపలేదని.

కూతురు చిన్నగా నవ్వింది. "కొత్తాయన కూడా మంచివారేనన్నమాట."

మర్నాడు పనిలో ఆమె ఈ సంగతి జతగత్తెకు చెప్పింది. ఒట్టేసి చెప్పాల్సిందని జతగత్తె అంది.

"అయినా నమ్మదు" అంది ఆమె. "నమ్మేలా నేనెప్పుడు బతికాను?"

చర్చి మానలేదు, ప్రార్థన మానలేదు. నెలకోసారి కూతురింటికి వెళ్తూనే ఉంది. కూతురు కుర్చీ వేస్తుంది, నీళ్లిస్తుంది. మనవరాలు ఆమెను ఆంటీ అంటుంది. ఎవరూ సరిదిద్దలేదు.