కోకిలమ్మ మళ్ళీ నీళ్ళు పోసిన రోజు

మద్రాసు చూలైలో తన వీధిన పుట్టిన పసిపిల్లలకు ఒకప్పుడు కోకిలమ్మే నీళ్ళు పోసేది. పీట మీద కూర్చుని, కాళ్ళు బారచాపి, బిడ్డను వాటిమీద పడుకోబెట్టుకుంటే ఎంత పేచీకోరు బిడ్డయినా కాసేపటికి ఊరుకునేది.

ఆ పని మానేసి ముప్పైయేళ్ళు దాటింది. కొడుకు భరణి పసివాడుగా ఉండగా ఆమెకు ఆపరేషను జరిగి, ఎవరిదో రక్తం ఎక్కించారు. కొన్నేళ్ళకు పరీక్షలో హెచ్.ఐ.వి. బయటపడింది. మద్రాసుకు అప్పటికి ఆ జబ్బు కొత్త, డాక్టర్లకూ కొత్తే. చేతులకు రెండేసి తొడుగులు వేసుకున్న పెద్ద డాక్టరు బల్లకు అవతల నిలబడి ఆమె నడవడి గురించి అడిగాడు, మొగుడి నడవడి గురించి అడిగాడు. ఎక్కించిన రక్తం గురించి అడగలేదు. ఫలానా రకం మనుషులకే వచ్చే జబ్బని చదువుకున్నవాడు గనుక, ముందు ఆమెను ఆ రకంలో చేర్చి, తర్వాత జబ్బును చూశాడు. తెలియని చోట శాస్త్రం కూడా ఇరుగుపొరుగు కళ్ళతోనే చూస్తుంది. కాకపోతే దాని అనుమానానికి అధికారం ఉంటుంది. మొగుడికి జబ్బు లేదని తేలాక, ఆ అనుమానం ఇంట్లోకీ వచ్చి కూర్చుంది. అతను పోయేదాకా లేవలేదు. "పిల్లల్ని ముట్టుకోవద్దు" అన్న డాక్టరు మాటను మాత్రం ఆమె ఇప్పటికీ పాటిస్తోంది.

ఇప్పుడు భరణికి లేకలేక ఆడపిల్ల పుట్టింది. బొడ్డు ఊడిన మర్నాడు కోడలు శ్రీప్రియ బిడ్డనెత్తుకొచ్చి ఎదుట నిలబడింది.

"అత్తా, నువ్వే పోయాల. నాకు పోసేది చేతకాదు."

కోకిలమ్మ ఆమె మొహంలోకి చూసింది. భరణి చెప్పలేదేమో. చెప్పినా సగమే చెప్పాడేమో.

"నా సంగతి నీకు తెలుసునా?"

"పెళ్ళికి ముందరే చెప్పినాడు. కడుపుతో ఉండగా నీ మాత్రలకి పోయినప్పుడు డాక్టరమ్మని నేనే అడిగినా. తాకితే రాదంట, ఎప్పుడూ రాలేదంట."

"ఆ కాలంలో ముట్టొద్దన్నదీ డాక్టరే కదమ్మా."

"ఆయన నిన్నేడ చూసినాడత్తా, బల్లకి ఆ పక్కనుంచే పంపించేసినాడంట గదా. సరి, కాళ్ళు చాపు. నీళ్ళు చల్లారతా ఉండాయి."

"నువ్వు కోడలివా, పోలీసువా?"

"పోలీసే. చాపు."

కోకిలమ్మ చీర పైకి మడిచి, ఎక్కడైనా గీరుకుందేమోనని కాళ్ళను వెలుతురులో తిప్పి తిప్పి చూసుకుంది. చూస్తుండగానే శ్రీప్రియ బిడ్డను వాటిమీద పెట్టేసింది. మొదటి చెంబుకే పాప గుక్కపట్టింది. నీళ్ళు కళ్ళలోకి జారకుండా కోకిలమ్మ అరచెయ్యి దానంతటదే పాప నుదుటికి అడ్డం వెళ్ళింది.

స్నానమయ్యాక శ్రీప్రియ బిడ్డను పాత పంచెలో చుట్టి లోపలికి తీసుకుపోయింది. కోకిలమ్మ పీటమీంచి లేవలేదు. కోడలు తన ఎదుట మొహమాటపడింది, లోపల బిడ్డను మళ్ళీ కడుగుతుంది అనుకుంది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించనే వినిపించింది. గోడ పట్టుకుని లేచి, తలుపు సందులోంచి చూసింది. శ్రీప్రియ నూనె గుడ్డలు జాడిస్తోంది. పాప మంచం మీద నిద్రపోతోంది. చెవి వెనక సున్నిపిండి ఇంకా అంటుకునే ఉంది.

కోకిలమ్మకు నమ్మకం కుదరలేదు. రేపు నీళ్ళు పోశాక కూడా ఇట్లాగే వచ్చి చూడాలనుకుంది.