నాన్న గొంతు మూగబోయిన రోజు

భిలాయ్ స్టీల్ ప్లాంటులో రిటైరైన మా నాన్నకు గొంతు ఆపరేషన్ తర్వాత మాట పోయింది. నా లాప్‌టాప్‌లో ఆయన టైపు చేస్తే, అది పైకి చదివి వినిపించేది.

చెల్లి నిశ్చితార్థానికి ముందురోజు, ఇంకా విడుదల కాని, పరీక్ష కోసం ముందుగా ఇచ్చిన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఉత్సాహం కొద్దీ అందులోకి ఎక్కించాను. రోజూ వాడే కంప్యూటర్‌లో వేయవద్దన్న హెచ్చరికను పట్టించుకోలేదు.

మర్నాడు పెళ్లివారి ముందు చెల్లిని ఆశీర్వదించడానికి నాన్న లాప్‌టాప్ తెరిచారు. ఎంతసేపటికీ తెర నల్లగానే ఉండిపోయింది.

"ఏటైంది భయ్యా?" అంది చెల్లి. నేను పవర్ బటన్ మళ్లీ మళ్లీ నొక్కాను.

చివరికి నాన్న కాగితం మీద రాసిచ్చారు. ఆ ఆశీర్వాదాన్ని చెల్లి తనే చదువుకుని ఏడ్చేసింది.

నన్నెవరూ తిట్టలేదు. పాత సిస్టమ్ తిరిగి వేసేసరికి నాలుగు రోజులు పట్టింది. అప్పుడు నాన్న టైపు చేసి మొదట అడిగింది, "టీ తాగినావేటి?" అని.

కంప్యూటర్ నాదే అయినా, అందులోని గొంతు నాన్నదని అప్పుడు గానీ నాకు తట్టలేదు.