కండువా లేని బేరం

దయ్యాలనీ భూతాలనీ నేను ఎప్పుడూ నమ్మలేదు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టువాళ్ళ ఇంట్లో పుట్టినవాడికి మనిషి మీదే ఒక పట్టాన నమ్మకం కుదరదు. బస్తా పైన నిగనిగలాడే పాయలు పేర్చి అడుగున కుళ్ళినవి పోసే లోకం మాది. కాబట్టి ఎవరైనా వింత చెబితే ముందు బస్తా బోర్లించి చూస్తాను. ఈ సంగతిని కూడా చాలాసార్లు బోర్లించి చూశాను. అడుగున ఏమీ దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

మా బావమరిది ప్రసాద్‌కి గుండుగొలను నుంచి కొల్లేరు వైపు లోపలికి వెళ్ళేచోట చేపల చెరువులున్నాయి. శీలావతి, బొచ్చె పెంచుతాడు. ఈ సంగతికి ముందు ఏడాది అతనికి గుండెనొప్పి వచ్చి, ఏలూరులో స్టెంటు వేశారు. ఆస్పత్రి మంచం మీద పడుకుని అతను కోరిన కోరిక ఒక్కటే.

"ఇన్నేళ్ళూ నేను పట్టినవన్నీ నా మేత తిన్నవేనండీ బావగారూ. నన్ను చూసి దగ్గరకొస్తాయండీ అవి. అది పట్టడం కాదండీ, పిలిచి మోసం చెయ్యడం. నేను మేత వెయ్యని చేపని ఒక్కదాన్ని, సముద్రంలో, గాలంతో పట్టాలండీ."

కోలుకున్నాక డాక్టరు సరేనన్నారు. మా ఆవిడ అనలేదు. ఆవిడకి ఒక్కడే తమ్ముడు. చివరికి ఒక షరతు మీద దిగింది. "మీరు పక్కనుంటేనే పంపుతాను. వాడు క్షేమంగా రాకపోతే మీరూ రావక్కర్లేదు" అంది. నవ్వుతూనే అంది గానీ, కారు ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఇంకోసారి అంది. అప్పుడు నవ్వలేదు.

నరసాపురం దాటాక సముద్రపు ఒడ్డున ఒక ఊళ్ళో సత్తిబాబు అనే అతను మాలాంటి సరదారాయుళ్ళని ఫైబరు పడవలో తీసుకెళ్ళి గాలం వేయిస్తాడు. ఫోనులోనే బేరమాడాను. మధ్యాహ్నం భోజనం కలిపించాను. సాయంత్రం తిరిగొచ్చే వేళ కూడా పొడిగించాను. అన్నిటికీ "అలాగేనండీ" అన్నాడు. అక్కడే నాకు అనుమానం మొదలైంది. అంత మెత్తగా ఒప్పుకునేవాడి సరుకులో ఏదో లోపం ఉంటుంది.

రేవులో లైఫ్ జాకెట్ల బెల్టులు లాగి చూశాను. ఇంజను మీద తట్టాను. పడవ అడుగున చెమ్మ ఉందేమోనని వంగి చేత్తో తడిమాను. సత్తిబాబు చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"తమరు పడవ ఎక్కడానికొచ్చారా, కొనడానికొచ్చారా అండీ?" అన్నాడు.

"మా బావగారు కాఫీ తాగినా ముందు గ్లాసు బోర్లించి చూస్తారండీ" అని ప్రసాద్ మురిసిపోయాడు.

ఆ రోజు సముద్రం ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంది. చాలాసేపు లోపలికి పోయాక, నీళ్ళ అడుగున రాళ్ళున్నాయనే చోట సత్తిబాబు లంగరు వేశాడు. అడుగు చేపల్ని పట్టే పద్ధతి చెప్పాడు. దారం చివర సీసపు గుండు, దాని పైన రెండు గాలాలు, వాటికి రొయ్యలు. గుండు నేలని తాకేదాకా దారం వదలాలి. తాకాక జానెడు పైకెత్తి, దారాన్ని చూపుడు వేలి మీద వేసుకుని కూర్చోవాలి. కళ్ళతో పని లేదు. కింద ఏం జరిగినా వేలికే తెలియాలి.

ఆ మాటకి నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన ఉల్లి కమిషన్ వ్యాపారి, పోయి చాలాకాలమైంది. ఆ రోజుల్లో పెద్ద సరుకు బేరాలు నోటితో జరిగేవి కావు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన కండువా కప్పుకునేవారు. చెయ్యంతా కలిపి ఒక్కసారి గట్టిగా నొక్కితే అయిదు. వేలికొనతో గిల్లితే ఒకటి. గోటితో అరచేతిలో గీరితే కాదని. పట్టుకుని వదలకపోతే ఖాయమని. ఖాయమయ్యాక వాన వచ్చి సరుకు తడిసిపోయినా వెనక్కి పోకూడదు. ఇంకో కట్టుబాటు ఉండేది. కండువా కప్పే ముందే సరుకు ఇద్దరి కళ్ళ ముందూ ఉండాలి, అయిదంటే వందల్లోనో పదుల్లోనో పైకి చెప్పుకోవాలి. ఆ లోపలి లెక్క మా నాన్నగారు నాకు నేర్పారు. నేను ఎవరికీ నేర్పలేదు, ఎక్కడా చెప్పలేదు. ప్రసాద్‌కీ తెలియదు.

మొదట రెండు జెల్లలు పడ్డాయి. తర్వాత ప్రసాద్ దారం కిందికి గుంజింది. అతను లేచి నిలబడబోతుంటే నేను జాకెట్ పట్టుకుని కూర్చోబెట్టాను. అరిచేతులు ఎర్రబడేలా లాగాడు. ఎర్రటి పొలుసుల చేప ఒకటి పైకొచ్చింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని దాని మొహంలోకి చూస్తూ, "నేనెవరో నీకు తెలీదు కదరా" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రావడం మంచిదే అయిందనుకున్నాను.

భోజనాలయ్యాక మళ్ళీ దారాలు వదిలాం. ప్రసాద్ నాకెదురుగా బల్ల మీద కూర్చున్నాడు. సత్తిబాబు ఇంజను దగ్గర కూర్చుని రెండు చేతులతో రొయ్యలు ఒలుస్తున్నాడు. ఈ వివరం ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

నా వేలి మీద దారం ఒక్కసారి బరువుగా నొక్కింది. ఆగింది. తర్వాత నాలుగు చిన్న గిల్లుళ్ళు.

చేపే అనుకుని పైకి చుట్టేశాను. రెండు గాలాలకీ రొయ్యలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మళ్ళీ వదిలాను. గుండు నేలకి తగిలిందో లేదో, ఒక నొక్కు, నాలుగు గిల్లుళ్ళు. తొమ్మిది.

ఇక్కడ తెలివైనవాడైతే దారం చుట్టేసి పక్కన పెడతాడు. నేను బేరగాణ్ణి. ఎవరైనా ఒక ధర చెబితే అది విని ఊరుకోవడం మా ఇంటావంటా లేదు. నవ్వుకుంటూ దారాన్ని రెండుసార్లు గిల్లాను. రెండు. ఎదుటివాడు సిగ్గుపడేంత తక్కువతో మొదలుపెట్టడం మా నాన్నగారి పద్ధతి.

దారం సన్నగా వణికింది. అరచేతిలో గోటితో గీరినట్టు ఉంది. కాదు.

తర్వాత ఒక నొక్కు, రెండు గిల్లుళ్ళు. ఏడుకి దిగింది. నేను మూడన్నాను. మళ్ళీ గీరింది. ఆరంది. నేను నాలుగు చెప్పి ఊరుకున్నాను. అమ్మేవాడు తొందరలో ఉన్నాడని తెలిసినప్పుడు కొనేవాడు కదలకూడదు. అట్నుంచి ఒక్క నొక్కు. అయిదు. నేను మళ్ళీ నాలుగే అన్నాను. అప్పుడు దారం నా వేలిని పట్టుకుంది. లాగలేదు, గుంజలేదు. పట్టుకుని వదల్లేదు.

తొమ్మిది చెప్పినవాణ్ణి నాలుగుకి దించాను. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు గర్వంగానే ఉంది.

"ఏంటండీ బావగారూ, ఒక్కరే నవ్వుకుంటున్నారు?" అన్నాడు ప్రసాద్.

తలెత్తాను. అప్పుడు తోచింది, కండువా కప్పేముందు చూడాల్సిన సరుకు నేను చూడలేదని. నాలుగంటే దేనికి నాలుగో ఇద్దరం అనుకోలేదని. దారం ఎటు పోతోందో చూశాను. పొద్దున్నుంచీ పడవకి బయటి వైపు నిటారుగా దిగిన దారం, ఇప్పుడు ఏటవాలుగా లోపలికి, పడవ కిందికి పోతోంది. సరిగ్గా ప్రసాద్ కూర్చున్న బల్ల కిందికి.

పక్కనున్న కత్తి తీసి దారం కోసేశాను.

"ఏవండీ! సీసం పోయింది కదండీ!" అన్నాడు సత్తిబాబు.

ఎంతంటే అంత ఇస్తాను, ఒడ్డుకి పోనిమ్మన్నాను. ప్రసాద్ నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. "బేరమాడలేదు. మా బావగారికి ఒంట్లో బాలేదండీ, పోనివ్వండి" అన్నాడు.

మొదట అనుమానించింది సత్తిబాబునే. ఒడ్డు చేరాక పడవ చుట్టూ తిరిగాను. పడవ కింద ఇంకో దారం కట్టాడేమోనని మోకాళ్ళలోతు నీళ్ళలో దిగి తడిమాను. ఏమీ లేదు. అతని చేతులు రెండూ నా కళ్ళ ముందే ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరైనా ఉల్లి బేరం చేశారా అని అడిగాను. "మేం ఉల్లిపాయ తినడమేనండీ" అన్నాడు. దారం అలా ఎందుకు కదిలిందని అడిగితే, అడుగున రాయికి గుండు తగిలితే అలాగే ఉంటుందన్నాడు. అయి ఉండొచ్చు. మరి మా ఇద్దరి గుండ్లూ ఒకే బరువు. పక్కనే వేసిన ప్రసాద్ దారం కదల్లేదు.

తర్వాత మా నాన్నగారిని కూడా అనుమానించాను. ఆయన అస్థికలు ఆ సముద్రంలో కలిసే గోదావరిలోనే కలిపాం. కానీ అది ఆయన చెయ్యి కాదు. అమ్మేటప్పుడు మా నాన్నగారు అంత తొందరగా దిగరు.

వారం తిరక్కుండానే మనసు ఆగక ప్రసాద్‌కి చెప్పేశాను. చెరువుగట్టు మీద నిలబడి అంతా విని, "నన్ను కూడా బేరం పెట్టేశారాండీ!" అని పగలబడి నవ్వాడు. "నాలుగు రోజులైతే నిన్నటికే అయిపోయాయి కదండీ. నాలుగు పదుల ఏళ్ళేమో. అప్పుడు మీరు నన్ను ముంచలేదండీ, తేల్చారు."

"మరి తొమ్మిది ఎందుకు చెప్పింది? తొమ్మిది నీకు ఇస్తానని చెప్పుంటే? దాన్ని నాలుగుకి కోసేసింది నేనే కదా?"

అతని నవ్వు కొంచెం ఆలస్యంగా ఆగింది. "అక్కకి చెప్పకండి" అన్నాడు.

మా ఆవిడకి ఇప్పటికీ తెలియదు. మందుల గురించి నేను ప్రసాద్ వెంట పడుతుంటే, తమ్ముడి మీద నాకింత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని అనుమానంగా చూస్తుంది. ప్రతి పొద్దునా నేను కొట్టు తీసే వేళకి ప్రసాద్ ఫోను చేసి "ఉన్నానండీ" అని పెట్టేస్తాడు. వేళాకోళమే. కానీ ఒక్క రోజు కూడా మానలేదు.

నాలుగు వారాలు వెళ్ళాయి. నాలుగు నెలలు వెళ్ళాయి. ఏళ్ళు మాత్రం ఇంకా వెళ్ళలేదు. మొన్న డాక్టరు పరీక్షలు చేసి గుండె బాగా పనిచేస్తోందన్నారు. ఆ మాటని కూడా నేను పూర్తిగా కొనలేదు.

నాలుగు నెలలు దాటాక, ఇంట్లో విజయవాడ సరుకు పనని చెప్పి, సత్తిబాబు దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. అదే చోట లంగరు వేయించాను. గుండు వదిలి, జానెడెత్తి, దారం వేలి మీద వేసుకున్నాను. ఈసారి నేనే ఒక నొక్కు నొక్కి, నాలుగుసార్లు గిల్లాను. తొమ్మిది. నీ మొదటి ధరే ఖాయం చేసుకో అన్నాను. జవాబు లేదు. పదన్నాను. పదిహేను. ఇరవై. పుట్టాక మొదటిసారి, ఎదుటివాడు నోరు విప్పకుండానే నేను ధర పెంచుకుంటూ పోయాను. ఇంజను దగ్గర సత్తిబాబు నన్ను చూసి పని ఆపేశాడు. వేలు కోసుకుపోయి దారం ఎర్రబడే దాకా నొక్కుతూనే ఉన్నాను.

అటువైపు ఎవరూ లేరు. మామూలు సముద్రం, మామూలు బరువు, అంతే. ఖాయమైన బేరానికి ఎవరూ మళ్ళీ కూర్చోరు. అది రాయే అయితే నాకేమీ భయం లేదు. రాయి కాకపోతే ఏమిటో నేను చెప్పలేను. చెప్పగలవాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళు అడిగింది అడిగినట్టు ఇస్తాను.