నల్ల కారు మీద పొడిగుడ్డ

రంగు మీద చెయ్యి పెట్టి చూడకుండా ఓబులేష్ ఒక్క మాట మాట్లాడడని బ్రూస్‌పేటలో పేరు. అది కూడా అరచెయ్యి కాదు, చేతి వెనకవైపు. అరచెయ్యి కాయలు కాసి మొద్దుబారిపోయిందనీ, వెనకవైపు చర్మానికే నిజం తెలుస్తుందనీ ఆయన అంటాడు. సందు మలుపులో రేకుల షెడ్డు కింద ఇరవై రెండేళ్ళు లారీలకు రంగులు వేసిన మనిషి. సండూరు కొండల నుంచి ఇనుపరాయి మోసే లారీలు ఆ షెడ్డు ముందు వరసగా నిలబడేవి. ముందు అద్దం పైన యజమాని బిడ్డల పేర్లు, వెనక తలుపు మీద నెమలి, ఒక పక్క కన్నడంలో ఒక మాట, ఇంకో పక్క తెలుగులో ఒక మాట. నెమలి కన్ను దగ్గరికి వచ్చేసరికి ఓబులేష్ ఊపిరి బిగబట్టేవాడు. చుట్టూ ఉన్న డ్రైవర్లు కూడా బీడీ పీల్చడం ఆపి చూసేవాళ్ళు.

ఆ షెడ్డులో ఒకటే నియమం ఉండేది. గని నుంచి వచ్చిన బండి మీద నీళ్ళు పడకముందు ఎవరూ గుడ్డ పెట్టకూడదు. ఎర్రధూళి చూడ్డానికి కుంకుమలాగా మెత్తగా కనిపిస్తుంది గాని, అది పొడి అయిన ఇనుము. దాని మీద పొడిగుడ్డ ఆడిస్తే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. ఒక డ్రైవరు భుజం మీది తువ్వాలు తీసి తలుపు తుడవబోతే, ఓబులేష్ ఆ తువ్వాలు లాక్కుని మురిక్కాలవలో పారేశాడు. సాయంత్రం మళ్ళీ ఆయనే కొత్త తువ్వాలు కొని తెచ్చి ఇచ్చాడు, అది వేరే సంగతి.

గనుల లారీలు నిలిచిపోయిన ఏడాది షెడ్డు ఖాళీ అయింది. లారీలు తిరిగి రోడ్డెక్కే నాటికి పేర్లూ నెమళ్ళూ స్టిక్కర్లుగా అచ్చయి వస్తున్నాయి. కొన్నాళ్ళు గోడలకు సున్నం కొట్టాడు, కొన్నాళ్ళు గేట్లకు రంగు వేశాడు. ఐదేళ్ళ కిందట ఊరి బయట రోడ్డు మీద ఒక కార్ల షోరూములో కుదిరాడు. షోరూములో అంటే లోపల కాదు. వెనకాల, కార్లు కడిగే చోటు పక్కన. కొత్త కారు కొనేవాళ్ళు 'పెయింట్ ప్రొటెక్షన్' తీసుకుంటే, డబ్బాలో ఉన్న ద్రవం కారు ఒళ్ళంతా పూసి, ఆరనిచ్చి, తుడిచి ఇవ్వాలి. రెండు గంటల పని. ముందువైపు చల్లటి గాలి, ముఖం కనిపించే నేల, అద్దాల గోడలు. ఈ ఐదేళ్ళలో ఓబులేష్ ఆ నేల మీద కాలు పెట్టింది రెండుమూడుసార్లే. పండగకు మిఠాయి పంచినప్పుడు, అదీ చెప్పులు బయట విడిచి.

అట్లాంటిది పోయిన వేసవిలో ఒకరోజు సేల్స్ చూసే ప్రవీణ్‌కుమార్ తనే వెనక్కి వచ్చాడు. తుంగభద్ర కాలవ కింద వరి పండించే కోస్తావాళ్ళ అబ్బాయి, మాట మెత్తగా ఉంటుంది.

"మాస్టరూ, చెయ్యి కడుక్కుని ఒకసారి ముందుకు రండి. మీ చుట్టాలట, వచ్చారు."

సోఫాలో హొన్నప్ప కూర్చుని ఉన్నాడు. ఓబులేష్ భార్య పక్కీరమ్మకు సొంత అన్న. దోణిమలై గనిలో ముప్పై ఏళ్ళు ఇల్లంత డంపరు నడిపి రిటైరై, గనుల దగ్గరే తారానగర్‌లో ఉంటున్నాడు. అంత పెద్ద బండి నడిపిన మనిషికి సొంతానికి మోటారుసైకిలు తప్ప ఏనాడూ ఇంకొకటి లేదు. ఇప్పుడు మొదటిసారి కారు కొంటున్నాడు. నలుపే కావాలని కూతురు మేఘ పట్టు. ఆ పిల్ల పక్కనే కూర్చుని ఫోటోలు తీస్తోంది.

"ఏమప్పా ఓబులేషా, ఈడ నిన్ను మాస్టరంటారా! ఇంట్లో మా చెల్లెలు అడిగితే గాని కాఫీ ఇయ్యదు గదా నీకు!"

"అడిగినా ఇయ్యదు బావా."

సోఫాలో ఉన్న ఇంకో రెండు కుటుంబాల వాళ్ళు కూడా నవ్వారు. ఎవరో ఓబులేష్ చేతిలో గాజుకప్పుతో కాఫీ పెట్టారు. ప్రవీణ్‌కుమార్ అందరికీ వినిపించేట్టు అన్నాడు:

"కోటింగ్ గురించి సార్‌కి అనుమానం. నేను చెప్తే అమ్ముకునే మాట అనుకుంటారు. ఈయన రంగుల్లో పుట్టి పెరిగిన మనిషి, ఈయన్నే అడగండి."

హొన్నప్ప నవ్వు ఆపి ముందుకు వంగాడు. "నువ్వు చెప్పప్పా. మా ఊరి ధూళి నీకు తెలుసు. పొద్దున తుడిస్తే మధ్యాన్నానికి ఎర్రగైతాది. ఇది పూపిస్తే ఏమన్నా ఉపయోగం ఉండాదా, లేకుంటే సుమ్నె, ఊరికే దుడ్డు దండగా? నువ్వు ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ."

ఓబులేష్‌కు తెలుసు. కారు మీద ఫ్యాక్టరీలోనే గట్టి పొర ఒకటి పడి వస్తుంది. తను పూసేది నాలుగు నెలలు మెరిసి, వానలకు కడుక్కుపోయే ద్రవం. అందరూ తన ముఖం వైపే చూస్తున్నారు. నెమలి కన్ను దిద్దేటప్పుడు చూసినట్టు చూస్తున్నారు. అట్లా ఎవరన్నా తనవైపు చూసి ఎన్నేళ్ళయిందో. పక్కనే నిలిపిన నల్ల కారు బానెట్ మీద చేతి వెనకవైపు పెట్టి, మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు జరిపాడు. తరవాత నోరు తెరిచాడు.

"పూపించుకో బావా. గాజు మాదిరి పొర నిలబడతాది. ధూళి అంటుకోదు. నీళ్ళు గూడా అక్కర్లే. ఒట్టి గుడ్డతో అట్లా తుడిస్తే చాలు, అద్దం మాదిరి ఉంటాది."

ప్రవీణ్‌కుమార్ ఒక్క క్షణం ఓబులేష్ వైపు వింతగా చూశాడు. నీళ్ళు అక్కర్లేదన్న మాట షోరూమువాళ్ళ కాగితంలో కూడా లేదు.

ఎవరూ బెదిరించలేదు, ఎవరూ చెప్పించలేదు. కాఫీ చేతిలో ఉండగా, నలుగురి ముందూ, నోటికి వచ్చిన మాట. ఆ మధ్యాహ్నం బావ కారుకు రెండు గంటల పనిని మూడున్నర గంటలు చేశాడు ఓబులేష్. ఎంత రుద్దినా లోపల ఏదో అంటుకునే ఉంది. వెళ్ళేటప్పుడు హొన్నప్ప ఆయన భుజం తట్టి, "మనోడు ఉంటే ఎంత ధైర్యమప్పా" అన్నాడు.

నాలుగు నెలల తరవాత ఒక ఆదివారం హొన్నప్ప బాడూటకు పిలిచాడు. కోడి కోసి, రాగిసంగటి చేసి, కారు కొన్న సంతోషానికి చెల్లెలికీ మరిదికీ పెట్టాలని. ఓబులేష్, పక్కీరమ్మ బస్సు దిగి తారానగర్‌లో ఆ ఇంటికి వచ్చేసరికి కారు వాకిట్లోనే ఉంది, పైన పూల దుప్పటి కప్పి.

"ఏది బావా, నీ కారును చూడనీ."

"చూద్దువులేప్పా. ముందు నీళ్ళు తాగు. ఎండన పడి వచ్చినారు."

నీళ్ళు తాగారు. చెరువు మాట, వాన మాట, మోకాళ్ళ నొప్పి మాట అన్నీ అయ్యాయి. హొన్నప్ప కారు మాట ఎత్తడు. ఎప్పుడూ ఎగతాళి లేకుండా ఒక వాక్యం పూర్తి చేయని మనిషి మరిది కళ్ళలోకి చూడడం లేదు. మేఘకు విసుగొచ్చింది.

"నాన్న సిగ్గుపడతాండాడు మామా. నేను చూపిస్తా రా." దుప్పటి పట్టి లాగేసింది.

ఏటవాలు ఎండ బానెట్ మీద పడింది. నల్లరంగు నిండా సాలెగూడు. గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి, లెక్కలేనన్ని సన్నగీతలు. తలుపుల మీద, డిక్కీ మీద, పక్క అద్దాల వెనకాల కూడా. చెయ్యి పెట్టి చూడాల్సిన పని లేదు. దూరం నుంచే ఓబులేష్‌కు ప్రతి గీతా తెలుస్తోంది, ఏ పూట ఏ వైపు నుంచి గుడ్డ తిరిగిందో కూడా.

"నీకు చూపియ్యొద్దనే అనుకున్నా" అన్నాడు హొన్నప్ప. గొంతు తగ్గించాడు. "నువ్వు చెప్పిన మాదిరే చేసినానప్పా. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. ఒక్క పూటా తప్పలే. నీళ్ళు చుక్క పడనీలే. మీ అక్క పాత చీర, ఎంత మెత్తగుంటాదో. అయినా యాడ తప్పు చేసినానో, ఈ గీతలు. డంపరు స్టీరింగు పట్టిన మొరటుచెయ్యి గదా. నువ్వు అంత చక్కగా పూసి ఇచ్చింది నేను పాడు చేసుకున్నా."

 నిజం ఓబులేష్ నోటిదాకా వచ్చింది. దాన్ని దాటుకుని ఇంకో మాట బయటికి వచ్చింది.

"కొంచెం గట్టిగా రుద్దినట్టుండావు బావా."

హొన్నప్ప తల ఊపాడు. "అదే నేనూ అనుకున్నా." తన అరచేతులు ఒకసారి తిప్పి చూసుకుని లుంగీకి తుడుచుకున్నాడు.

పక్కీరమ్మ భర్త వైపు చూసింది. షెడ్డు రోజుల్లో మురిక్కాలవలో పడిన తువ్వాలు సంగతి ఆమెకు తెలుసు.  ఆ చూపు ఓబులేష్‌కు వేడిగా తగిలింది.

అంతలో పక్కింటి శివు వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, గనికి వచ్చే ఆఫీసర్లను తిప్పడానికి అప్పుచేసి టాక్సీకారు కొంటున్నాడు.

"మాస్టరన్న వచ్చినాడంటనే! అన్నా, రేపు షోరూముకు వస్తాండా. కోటింగు గూడా రాయించమని హొన్నప్పన్న చెప్పినాడు. మా ఓబులేష్ చెప్పినాడంటే తిరుగులేదు అంటాడు. నా బండికి గూడా నువ్వే నీ చేత్తో పూయాల."

"నా మాదిరి గట్టిగా మాత్రం రుద్దొద్దప్పా శివు" అన్నాడు హొన్నప్ప. "మెల్లగా తుడువు. తప్పు మందుది కాదు, నాది."

ఓబులేష్ అరుగు మీద కూర్చుండిపోయాడు.

"రాయించొద్దప్పా" అన్నాడు.

"ఏందన్నా?"

"కోటింగు వద్దు. కంపెనీ వేసిన రంగు మీద ముందే గట్టిపొర ఉంటాది. నేను పూసేది నాలుగునెల్లు మెరుస్తాది, అంతే. దానికి నువ్వు దుడ్డు పెట్టొద్దు. అది ఉన్నా లేకున్నా, ఈ ధూళిని పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. మెత్తని చీరైనా పడతాయి, మెల్లగా తుడిచినా పడతాయి. ముందు ధారగా నీళ్ళు పోయాల. ఎర్రనీళ్ళు పోయి తెల్లనీళ్ళు వచ్చిందాకా పోయాల. ఆమీదనే గుడ్డ."

శివు కారు వైపూ హొన్నప్ప వైపూ చూశాడు. వాడు అమాయకంగానే అడిగాడు. "మరి అన్నకు అట్లెందుకు చెప్పినావు? షోరూమువాళ్ళు చెప్పమన్నారా?"

అవునంటే అయిపోయేది. ఎవరూ అడగబోరు. వాళ్ళ ఉప్పు తింటున్నాం గదప్పా అంటే ఆ మాటను అందరూ ఒప్పుకుంటారు.

"నీళ్ళు అక్కర్లేదని వాళ్ళు చెప్పలేదు. అది నేనే చెప్పినా. లోపలికి పిలిచినారు. చేతికి కాఫీ ఇచ్చినారు. అందరూ నా పక్కే చూస్తాండారు. ఏదో గొప్పగా చెప్పాలనిపించింది, చెప్పినా. అంతేప్పా."

మేఘ దుప్పటి అంచు చుట్టుకుంటూ నేల చూస్తూ నిలబడింది. శివు ఏదో పని గుర్తొచ్చినట్టు, "సరేన్నా, మళ్ళీ వస్తా" అని వెళ్ళిపోయాడు.  లోపల హొన్నప్ప భార్య పెట్టిన కుక్కరు కూసింది.

"ఆ పొద్దు షోరూములో చెప్పింది సరేలేప్పా" అన్నాడు చివరకు హొన్నప్ప. "పదిమందిలో మనిషికి అట్లయితాది. నాకు గూడా అయింటాది. ఇప్పుడు, ఈడ, నేను నా చెయ్యి మొరటుదంటే, గట్టిగా రుద్దినావంటివే. ఇప్పుడు ఎవరున్నారప్పా ఈడ? నేను, నీ పెండ్లాము, ఈ పిల్ల."

ఓబులేష్ తల ఎత్తకుండా, "ఆదివారం ఆదివారం వచ్చి పాలిష్ పట్టి, ఉన్నంతలో గీతలు తీస్తా బావా" అన్నాడు. హొన్నప్ప, "కూడు చల్లారిపోతాది, రాండి" అని లోపలికి నడిచాడు.

వరసగా కూర్చున్నారు. హొన్నప్పే వడ్డించాడు. సంగటి ముద్ద, కోడికూర, మంచి ముక్కలన్నీ మరిది కంచంలోనే. వేలెత్తి చూపడానికి ఏ లోటూ లేదు. ఓబులేష్ తల వంచుకుని తిన్నాడు. హొన్నప్ప గరిటె పట్టుకుని మళ్ళీ వచ్చాడు.

"చాలు బావా" అన్నాడు ఓబులేష్, చెయ్యి అడ్డం పెట్టి.

ఆ ఇంట్లో చాలన్న మాటను ఎవరూ ఎప్పుడూ లెక్కచేసింది లేదు. పెండ్లయిన ముప్పై ఏళ్ళుగా, అడ్డం పెట్టిన చేతిని పక్కకు తోసి, తిట్టి, నవ్వి, ఇంకో గరిటె వేయకుండా హొన్నప్ప వదిలింది లేదు. ఓబులేష్ చెయ్యి అట్లాగే కంచం మీద పెట్టుకుని ఎదురుచూశాడు.

"సరే" అన్నాడు హొన్నప్ప, గరిటె గిన్నెలో పెట్టి, చెల్లెలి కంచం వైపు తిరిగాడు.