గొర్రెల మధ్య బంతి

మనవరాలు ఫుట్‌బాల్ నేర్చుకునే చోటికి మొన్న సాయంత్రం నేనూ వెళ్లాను. చుట్టూ వల కట్టిన మైదానం, వరసగా పెట్టిన ఎర్రటి ప్లాస్టిక్ శంకువులు, ఏ ఆట ఎంతసేపో ముందే రాసుకొచ్చిన కుర్ర కోచ్. పిల్లలు ఆ శంకువుల నడుమ బంతితో మెలికలు తిరుగుతుంటే నాకు ఉన్నట్టుండి గొర్రెల వాసన తగిలింది. నా ఈడువాళ్లు నవ్వకండి, చెబుతాను.

అరవైల మొదట్లో తాండూరు బడిలో డ్రిల్లు మాస్టారుగా చేరాను. క్రమశిక్షణ వస్తే ఆట దానంతటదే వస్తుందని నమ్మేవాణ్ని గనుక పిల్లల్ని వరసల్లో నిలబెట్టడం, పరుగెత్తించడం, మళ్లీ వరసల్లో నిలబెట్టడం, ఇదే నా పాఠం. బంతి నా చంకలోనే ఉండేది. పాపం, ఒక్కొక్కరే జారుకున్నారు. ఇలాగైతే ఆటల వేళను లెక్కల పాఠానికి ఇచ్చేస్తానని పెద్ద సారు అనేశారు. ఆట లేని బడిలో నాకేం పని?

దానికి తోడు రోజూ ఒక పెద్దమ్మ గొర్రెల మందను మా మైదానంలోంచే ఇంటికి తోలుకుపోయేది. రెండు పక్కలా నాపరాళ్ల గనుల గుట్టలే, ఆమెకు వేరే దారి లేదు. ఒకరోజు ఉడుకెత్తి అడ్డం నిలబడ్డాను.

"గిది మా తాతల కాన్నుంచి గొర్ల బాట సారూ, జర మీరే పక్కకు జరుగుండ్రి" అంది.

ఆ వాదులాటలో నా చంకలోంచి బంతి జారింది. ఒక పిల్లవాడు దాన్ని కాలితో మందలోకి తీసుకుపోయి, ఒక్క గొర్రెకూ తగలకుండా అవతల తేలాడు. వాడి వెనక మిగతావాళ్లూ దూరారు. నేను చేరాక ఆ మైదానంలో పిల్లల నవ్వు వినడం అదే మొదలు.

మర్నాటి నుంచి అదే మా సాధన. గొర్రెకు బంతి తగలకూడదు, గొర్రె ఎదురొస్తే దారి ఇవ్వాలి. రెండో నియమం పెద్దమ్మ పెట్టింది. జారుకున్నవాళ్లంతా తిరిగొచ్చారు. వికారాబాదు బడితో పోటీలో పరువు నిలిపితే ఆట కొనసాగనిస్తానన్నారు పెద్ద సారు.

రైల్లో వికారాబాదు వెళ్లాం. మావాళ్ల మెలికలకు చూసేవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. తీరా అవతలివాళ్లు బంతితో ఎదురొచ్చినప్పుడల్లా మా బుద్ధిమంతులు మర్యాదగా పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు! చిత్తుగా ఓడిపోయాం.

మర్నాడు బంతిని బీరువాలో పెట్టెయ్యడానికి మైదానం మీదుగా వస్తుంటే, పిల్లలంతా మంద కోసం గనుల దారి వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. వచ్చిన పెద్దమ్మ సంగతంతా విని కడుపుబ్బ నవ్వింది.

"రేపటి సంది పొట్టేళ్లను ముంగట తోల్త. గప్పుడు తప్పుకోవద్దని చెప్పుండ్రి" అంది.

వరండాలోంచి ఇదంతా చూస్తున్న పెద్ద సారు బీరువా తాళంచెవి నా చేతిలోనే పెట్టి, రేపూ ఆడించమన్నట్టు మైదానం వైపు చెయ్యూపి వెళ్లిపోయారు.

మొన్న కోచ్ ఈల వేయగానే ఆట ఠక్కున ఆగింది. పిల్లలు బాగానే నేర్చుకుంటున్నారు, కాదనను. ఎటొచ్చీ ఆ శంకువులు కదలవు, ఎవరికీ దారి ఇవ్వనక్కర్లేదు. ఆ సాయంత్రాలు ఒక్కసారి తిరిగొస్తే బాగుండుననిపించి, అందరూ వెళ్లాక కూడా వల పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎవరి కోసం చూస్తున్నావు తాతయ్యా అని మనవరాలు చెయ్యి లాగింది. ఇప్పుడా దారిన ఎవరొస్తారని చెప్పను?